దర్శనం తానీషాకు, రసీదు గోపన్నకు

ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద నిలబడి దక్షిణానికి చూస్తే షేక్‌పేట మేడల పైనుంచి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. వాటి అవతల గోల్కొండ. మధ్యలో నాలుగైదు కిలోమీటర్లు, అంతే. 1964లో చిత్తూరు నాగయ్య తానే తీసి తానే నటించిన ‘రామదాసు’లోనూ, 2006లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘శ్రీరామదాసు’లోనూ మనం కన్నీళ్లతో చూసిన కథలో చాలా భాగం ఆ కోటలోనే, ఒక చీకటి కొట్టులో నడిచింది. ఈరోజు ధ్యానానికి ఆ కొట్టు దగ్గరికి వెళ్దాం.

ధ్యానించవలసిన ప్రార్థన ఇది: “స్వామీ, నీ శక్తి ఏమిటో వాళ్లకి తెలిసేలా చెయ్యి.”

దేవుణ్ని నమ్మినవాళ్లలో ఈ మాట అననివాళ్లు ఉండరు. పూజ గదిలో కూర్చున్న తల్లిని చూసి కొడుకు “ఏం ఇస్తాడమ్మా మీ దేవుడు?” అని నవ్వి వెళ్లిపోయినప్పుడు ఆ తల్లి అనుకుంటుంది. ఆస్పత్రి వరండాలో, డాక్టరు తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లాక, తలుపు వైపు చూస్తూ ఒక తండ్రి అనుకుంటాడు. మోసం చేసినవాడు కారులో తిరుగుతుంటే, మోసపోయినవాడు గుడి మెట్ల మీద కూర్చుని అనుకుంటాడు. మనకు ఎలాగూ నమ్మకం ఉంది, ఎదుటివాళ్లకు కలగాలి. నలుగురి ముందూ ఆయన పేరు నిలబడాలి.

మా ఫిల్మ్‌నగర్‌లో ఈ ప్రార్థన గురువారాల్లో ఎక్కువ. తెల్లవారితే శుక్రవారం, మార్నింగ్ షో పడుతుంది. జూబ్లీహిల్స్ పెద్దమ్మ తల్లి ముందు, ఒకే ప్రాంగణంలో ఎందరో దేవతలు కొలువైన మన దైవ సన్నిధానంలో, చేతులు జోడించి కళ్లు మూసుకున్నవాళ్ల పెదవుల మీద అదే మాట. “ఈసారి చూపించు తల్లీ.” ఎవరికి చూపించాలి? కథ వినకుండానే వద్దన్నవాళ్లకి. ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లకి. ఊళ్లో “సినిమాల్లోకి పోయాడు, ఇంకెందుకు పనికొస్తాడు” అన్నవాళ్లకి. ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీసినవాడు తల్లి దగ్గర ఇలా కాక ఇంకెలా అడుగుతాడు? అతణ్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ప్రార్థనా, మనం ఈరోజు తలుచుకుంటున్న ప్రార్థనా ఒకటి కావు. మొదటిదాంట్లో నలుగురికీ తెలియవలసింది మన పేరు, దానికి దేవుడి బలం కావాలి. రెండోదాంట్లో తెలియవలసింది ఆయన పేరే. రెండూ ఒకే గొంతులోంచి, ఒకే కన్నీటితో వస్తాయి కాబట్టి విడదీసి చూసుకోవడం కష్టం. రామదాసుగా మనం పిలుచుకునే గోపన్న కథ ఆ పని మన కోసం చేసి పెడుతుంది.

కంచర్ల గోపన్నది నేలకొండపల్లి. గోల్కొండ కొలువులో పెద్ద అధికారులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వెళ్లాడు. శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన పని. గోదావరి ఒడ్డున భద్రగిరి మీద రాముడికి తాటాకు పందిరి తప్ప నీడ లేదు. అడవిలో దొరికిన ఆ మూర్తులకు పోకల దమ్మక్క అనే ఆదివాసీ తల్లి తోచిన పండూ ఫలమూ పెట్టి కొలుచుకుంటోంది. గోపన్న అది చూశాడు. గుడి కట్టించాడు, ప్రాకారం కట్టించాడు, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి చేయించాడు. అందుకు శిస్తు సొమ్ము వాడాడు. కథలో చెప్పే మొత్తం ఆరు లక్షల వరహాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. భక్తితో కథ చెప్పేటప్పుడు ఈ చోట మనం తొందరగా దాటేస్తాం. అది సర్కారు సొమ్ము. రైతులు కట్టిన శిస్తు. తానీషాకు దాన్ని అడిగే హక్కు ఉంది. గోల్కొండ ఆఖరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672లో గద్దెనెక్కాడు. మన నాటకాల్లో, హరికథల్లో ఆయన్ని క్రూరుడిగా చూపించే అలవాటు ఒకటి ఉంది. ఆ అలవాటు నాకు నచ్చదు. కొలువులో పెద్ద పదవుల్లో బ్రాహ్మణ సోదరులను పెట్టుకున్న రాజు ఆయన. లెక్క తేలని తహసీల్దారును ఖైదులో పెట్టాడు. మరే రాజైనా అదే చేసేవాడు. గోపన్న చేసింది స్వార్థం కాదు, నిజమే. ఒక్క వరహా ఇంటికి పట్టుకెళ్లలేదు. అయినా బాకీ బాకీయే.

ఆ బాకీని గోపన్న భక్తి మాఫీ చేయలేదు. రాముడు కూడా మాఫీ చేయించలేదు.

గోల్కొండ కోటలో ఆ బందీఖానా ఇప్పటికీ ఉంది. బయట ఎండ మండుతున్నా లోపల అడుగు పెట్టగానే చల్లటి చీకటి. మందపాటి గోడలు. పైకప్పులో ఒక కన్నం, వెలుతురు దిగేది అందులోంచే. ఆ వెలుతురు పడే గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. గోపన్న తన చేత్తో చెక్కుకున్న మూర్తులని చెబుతారు. శిల్పి చేతి నేర్పు వాటిలో వెతకకూడదు. ఆ గీతల్లో కొలతలు లేవు, అలంకారాలు లేవు. భద్రాచలంలో రత్నాలు పొదిగించి చేయించిన నగలు ఎక్కడ, గోడకు చెక్కుకున్న ఈ బొమ్మలు ఎక్కడ! కానీ పన్నెండేళ్లు ఆయనకు గుడి ఇదే. వచ్చినవాళ్లు కుంకుమ అద్ది దండం పెట్టుకుంటారు. కొందరు ఏమీ మాట్లాడకుండా కాసేపు నిలబడి వెళ్తారు.

ఆ కోటకు ఒక ప్రసిద్ధి ఉంది. కింద సింహద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్ దాకా వినిపిస్తుంది. గైడ్లు ఈనాటికీ కొట్టి చూపిస్తారు. కింద అలికిడి అయితే పైన రాజుకు తెలియాలని కట్టిన కట్టడం అది. అలాంటి కోటలో పన్నెండేళ్లపాటు ఒక మనిషి గొంతెత్తి ఏడుస్తూ పాడితే ఎవరికీ వినపడలేదు.

ఆ పాటల్లో ఏముందో మనందరికీ తెలుసు. చిన్నప్పుడు భజనల్లో పాడుకున్నవే. వాటిని ఒకసారి గోపన్న ఉన్న చోట నుంచి వినండి. మొదట వేడుకున్నాడు. తర్వాత లెక్క చెప్పాడు. ఎవరెవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎంతెంత అయిందో తహసీల్దారు కచేరీలో దస్త్రం తీసినట్టు వరుసగా చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. ఆ వెంటనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోవద్దని కాళ్ల మీద పడ్డాడు. ఆయన వినడం లేదని సీతమ్మతో చెప్పుకున్నాడు, నువ్వైనా ఒక మాట చెప్పమ్మా అని. ఇంత మొరలోనూ “నీ మహిమతో ఈ సుల్తాను మెడలు వంచు” అన్న కసి ఎక్కడా లేదు. బాధ ఉంది, అలక ఉంది, చనువు ఉంది. పగ లేదు. ప్రార్థనలో ఎన్ని మాటలైనా అనవచ్చునని, ఆ ఒక్కటి లేకుండా చూసుకోవాలని నాకు గోపన్న దగ్గరే తెలిసింది.

ఇక ఆ రాత్రి. అందరికీ తెలిసిన కథే, మెల్లగా చెప్పుకుందాం.

తానీషా పడకగదిలోకి ఇద్దరు యువకులు వచ్చారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పారు. గోపన్న నౌకర్లమన్నారు. ఆరు లక్షల వరహాలూ కుప్పగా పోశారు. లెక్క చూసుకోమన్నారు. రసీదు అడిగారు. సుల్తాను రాసి ముద్ర వేసి ఇచ్చాడు. వాళ్లు ఆ కాగితం తీసుకుని బందీఖానాకు వెళ్లి, నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెట్టి వెళ్లిపోయారు.

గోపన్నను లేపలేదు.

తెల్లవారాక విడుదల చేయడానికి వచ్చినవాళ్లు చెబితేనే ఆయనకు తెలిసింది. అప్పుడు ఏడ్చాడట. విడుదలైనందుకు కాదు. పన్నెండేళ్లు పిలిచినవాడికి కనపడకుండా, ఒక్కసారి కూడా పిలవని తానీషాకు కనిపించావా అని. భక్తులు దీనికి పూర్వజన్మల కథ చెప్పుకుంటారు. తానీషా వెనకటి జన్మలో స్వామి దర్శనం కోరి వ్రతం పట్టి, చివరి రోజున తప్పాడని, ఆ పుణ్యం ఇప్పుడు పండిందని. గోపన్న వెనకటి జన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో ఉంచాడని, ఆ లెక్క ఇలా తీరిందని. నాకు ఆ కథ మీద గౌరవం ఉంది. కానీ ధ్యానంలో కూర్చున్నప్పుడు నా మనసు దాని దగ్గర ఆగదు. గోపన్నకు కనిపించనవసరం ఏముంది? రాముడు ఉన్నాడని ఆయనకు తెలుసు. లేకపోతే అన్నేళ్లు తిట్టేవాడు కాదు. లేనివాణ్ని ఎవరు తిడతారు? తెలియవలసినవాడు తానీషా. వైద్యుడు ఎవరికి జబ్బు ఉందో వాళ్ల ఇంటికే కదా వెళ్లేది. స్వామి ఆ రాత్రి అలాగే వెళ్లాడు.

“నీ శక్తి వాళ్లకి తెలిసేలా చెయ్యి” అని అడిగేవాళ్లు ఇది ముందే తెలుసుకుని అడగాలి. తెలిసేది వాళ్లకే. చూసేది వాళ్లే. ఆ ఘడియలో మనం నిద్రలో ఉండవచ్చు, ఊళ్లో లేకపోవచ్చు, అసలు ఈ లోకంలోనే లేకపోవచ్చు. కొడుకు మనసు మారాలని ఇరవై ఏళ్లు దీపం పెట్టిన తల్లి పోయాక, ఆమె వస్తువులు సర్దుతూ ఆ కొడుకు మొదటిసారి ఆ దీపం తానే వెలిగించిన ఇళ్లు లేవా? ఆ వెలుగు తల్లి చూడలేదు. ప్రార్థన ఫలించలేదని ఎవరనగలరు?

ఆ రాత్రి జరిగిన పనిలో మహిమ ఏ రూపంలో ఉందో చూడండి. పిడుగు పడలేదు. గోడలు కూలలేదు. సంకెళ్లు తెగిపడలేదు. సుల్తానుకు జబ్బు చేయలేదు. బాకీ తీరింది. కానీకి కానీ లెక్క తీరింది, రసీదు చేతికి వచ్చింది. తన భక్తుడు పరాయివాడి సొమ్ముకు జవాబు చెప్పాలి కాబట్టి, భగవంతుడు ముందు ఆ జవాబు చెప్పాడు. తానీషాను ఓడించలేదు, తానీషాకు రావలసింది ఇచ్చాడు. తానీషా గుర్తించింది అందుకే. తన ఖజానాకు రావలసినదాన్ని చిల్లుకానీ తగ్గకుండా అర్ధరాత్రి తెచ్చి పోసి, నౌకర్లమని చెప్పుకున్నవాళ్లు ఎవరై ఉంటారని తెల్లవారాక ఆలోచిస్తే, ఆ రాజుకు ఒళ్లు జలదరించింది.

ఆ రసీదు మీద ముద్ర కూడా ఎవరిది? గోపన్నది కాదు, భద్రాచలం అర్చకులదీ కాదు. రాముడు వచ్చాడనడానికి కథలో మిగిలిన ఒకే ఒక్క కాగితం మీద గోల్కొండ సుల్తాను ముద్ర ఉంది. మన దేవుడి గురించి మనం ఎంత గట్టిగా చెప్పినా అది మన మాటే. ఎదుటివాడు తన భాషలో, తన ముద్రతో ఒప్పుకున్నప్పుడు దానికి ఇంకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు. తానీషా ఆ వరహాలు తిరిగి ఇవ్వబోతే గోపన్న గుర్తుగా రెండు మాత్రమే తీసుకున్నాడని చెబుతారు. భద్రాద్రి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైంది. నిజాముల కాలంలో సాగింది. ఇప్పుడు ప్రతి శ్రీరామనవమికీ ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలతో పాటు ఆ ముత్యాలు వెళ్తాయి. రాజ్యాలు మారాయి, జెండాలు మారాయి, ఒక రాత్రి ఒక సుల్తాను ఒప్పుకున్నది మాత్రం మూడు వందల ఏళ్లు దాటినా ఏటా నలుగురి ముందూ జరుగుతూనే ఉంది.

అందుకే ఈ ప్రార్థన చేసే ముందు మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఎవరికి దేవుడు తెలియాలని కోరుతున్నామో, వాళ్లకు మనం ఏం బాకీ ఉన్నాం?

మా పరిశ్రమలో ఈ ప్రశ్న బరువైనది. ప్రతి సినిమా ముహూర్తం నాడు పీట మీద దేవుడి పటాలు పెడతారు, పూలదండలు వేస్తారు, కెమెరాకు బొట్టు పెట్టి దానికీ ఒక దండ వేస్తారు. కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి తిప్పుతారు. క్లాప్ బోర్డు మీద కూడా పసుపు కుంకుమ. మొదటి షాట్ నటుల మీద కాదు, దేవుడి పటాల మీద తీస్తారు. ఎంత పెద్ద హీరో సినిమా అయినా ఫ్రేములోకి మొదట వచ్చేది ఆయనే. ఈ ఆచారం నాకు ప్రాణం. చివరి రోజు గుమ్మడికాయ కొట్టేదాకా ఆ మొదటి షాట్ మన మీద ఒక మాటలా ఉండాలి. ఎందుకంటే ఆ పటాల ముందు నిలబడ్డవాళ్లలో లైట్‌మెన్ ఉన్నాడు, ప్రొడక్షన్ బాయ్ ఉన్నాడు, కృష్ణానగర్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు ఉంది. వాళ్లు కూడా దండం పెట్టారు. షూటింగ్ అయ్యాక వాళ్ల బేటా, అంటే రోజు భత్యం, వాళ్ల చేతికి రాకపోతే, ఆ దండం గురించి వాళ్లు ఏమనుకోవాలి? 2025 ఆగస్టులో సినీ కార్మికులు కూలి పెంచమని పద్దెనిమిది రోజులు పని ఆపారు. మూడేళ్లలో 22.5 శాతం దాకా పెంచే ఒప్పందంతో మళ్లీ పనిలోకి వచ్చారు. ఎవరి వాదన ఎంత సబబో తేల్చడం ధ్యానంలో పని కాదు. కానీ ముహూర్తం నాడు కర్పూరం వెలిగించిన చేతులకూ, వోచరు మీద సంతకం పెట్టే చేతులకూ మధ్య తేడా లేకుండా చూసుకోవడం మాత్రం పూజలో భాగమే.

తెలుగు తెర మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు చెప్పిన మొదటి కథ కూడా ఈ ప్రార్థన గురించే. హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. స్తంభం పగలడం అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాతి ఘట్టం సినిమాల్లో పెద్దగా కనపడదు, భాగవతం ఏడో స్కంధంలో ఉంది. నరసింహస్వామి శాంతించాక వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తనకేమీ వద్దన్నాడు. మళ్లీ అడిగితే తండ్రి కోసం అడిగాడు. నిన్ను నిందించిన నా తండ్రి ఆ పాపం నుంచి బయటపడాలన్నాడు. నిప్పులో వేయించిన తండ్రి, ఏనుగులతో తొక్కించబోయిన తండ్రి. ఆయనే కాదు, ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయని స్వామి మాట ఇచ్చాడు. స్తంభంలోంచి ఆయన బయటికి వచ్చినప్పుడు నేను గెలిచానని ఆ పిల్లవాడు అనుకోలేదు.

మనలో చర్చికి వెళ్లేవాళ్లకు ఏలీయా గుర్తొస్తాడు. మొదటి రాజుల గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం. మూడేళ్ల కరవు. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు 450 మంది ఒకవైపు, ఆయన ఒక్కడు ఒకవైపు. బలిపీఠం మీద నాలుగు కుండల నీళ్లు మూడుసార్లు పోయించి ప్రార్థించాడు. నిప్పు దిగింది, జనం సాగిలపడ్డారు. ఆ ప్రార్థనలో ఆయన కోరుకున్నది తన గెలుపు కాదు, దారి తప్పిన జనం మనసులు మళ్లీ దేవుడి వైపు తిరగడం. మరుసటి అధ్యాయంలోనే ఆ ఏలీయా ప్రాణభయంతో ఎడారిలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, చాలు, నన్ను తీసుకుపొమ్మన్నాడు. అంత బహిరంగంగా మహిమ చూసినవాడే. దేవుడు ఆయన్ని కోప్పడలేదు, రొట్టె పెట్టి నిద్ర పుచ్చాడు. ఆ తర్వాత పలకరించినప్పుడు గాలిలోనూ, భూకంపంలోనూ, నిప్పులోనూ లేడు, మెల్లని స్వరంతో పలకరించాడు. ఊరందరికీ చూపించిన మహిమ వేరు, తనవాణ్ని ఓదార్చే తీరు వేరు. గోపన్నకు తలగడ కింద కాగితం పెట్టినవాడు, ఏలీయా తల దగ్గర రొట్టె పెట్టినవాడు ఒకే తీరులో ప్రేమించాడని నాకనిపిస్తుంది.

తానీషా తర్వాత ఏమయ్యాడన్నది కూడా మరవకూడదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించాడు. సుమారు పన్నెండేళ్లు అక్కడే ఉండి, అక్కడే కన్నుమూశాడు. షేక్‌పేట అవతల మనకు కనిపించే ఆ గుమ్మటాల కింద ఆయన లేడు, ఖుల్దాబాద్‌లో ఉన్నాడు. రాముణ్ని కళ్లారా చూసిన రాజుకు రాజ్యం నిలవలేదు. దైవాన్ని గుర్తించినవాళ్లకు అన్నీ కలిసొస్తాయని మనం ఎవరికీ మాట ఇవ్వలేం. ఇవ్వకూడదు కూడా. “మా దేవుణ్ని నమ్ముకో, నీ సినిమా ఆడుతుంది” అని చెప్పే నోరు భక్తికి మేలు చేయదు. సినిమా ఆడకపోతే ఆ మనిషి దేవుణ్ని కూడా వదిలేస్తాడు. దౌలతాబాద్ చీకట్లో తానీషాకు ఎప్పుడైనా ఆ ఇద్దరు యువకుల ముఖాలు గుర్తొచ్చి ఉంటాయా? వచ్చి ఉంటే, ఆ దర్శనం ఆయనకు గోల్కొండ కన్నా ఎక్కువ ఇచ్చి ఉంటుందని నేను నమ్ముతాను.

ఈరోజు పొద్దున్నే కాసేపు కూర్చుని ఒక్క మనిషిని తలుచుకోండి. దేవుడు తెలియాలని మీరు కోరుతున్న మనిషి. భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, ఆఫీసులో ఎగతాళి చేసే తోటివాడు కావచ్చు. ఆ మనిషి ముఖం మనసులోకి వచ్చాక, “నీకు తెలుస్తుందిలే ఒకరోజు” అనే గొంతు లోపల వినిపిస్తుంది. ఆ గొంతు గోపన్నది కాదు. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఆ మనిషికి మీరు ఇవ్వవలసింది ఏమైనా మిగిలిందేమో చూడండి. డబ్బు కావచ్చు, చెప్పని క్షమాపణ కావచ్చు, చేస్తానని చేయని సాయం కావచ్చు, పండక్కి చేయని ఫోన్ కావచ్చు. అది దొరికాక ప్రార్థించండి.

ప్రార్థన

భద్రాద్రి రామయ్యా, ఏ పేరుతో పిలిచినా పలికే తండ్రీ, నీ శక్తి నలుగురికీ తెలియాలని మేం కోరుకుంటున్నాం. ఆ కోరికలో మా పేరు ఎక్కడ కలిసిందో నీకు తెలుసు, దాన్ని వేరు చెయ్యి. మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్లు ఓడిపోవాలని అడగడం లేదు, వాళ్లకు నువ్వు దక్కాలని అడుగుతున్నాం. వాళ్ల ఇంటికే వెళ్లు, వాళ్ల భాషలోనే మాట్లాడు. మేం చూడకపోయినా ఫర్వాలేదనే మనసు ఇంకా మాకు లేదు, అది నువ్వే ఇవ్వాలి. గోపన్న అలిగినట్టు అలుగుతాం, సహించు. మేం ఎవరికి బాకీ ఉన్నామో ఈ పొద్దు గుర్తు చేశావు. చీకటి పడేలోగా ఆ మనిషికి ఫోన్ చేయడానికి మాకు ధైర్యం ఇవ్వు.